ఆరీ ఆరని దీపం

1.7 వోల్టులు. టీవీ రిమోటులో వేసే సెల్లు ఒక్కటి ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువ, అంతే. ముట్టుకుంటే చేతికి తెలియను కూడా తెలియదు. ఆ కాస్త వోల్టేజీ రాజమండ్రిలో మా అక్కయ్య ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మూడు వారాలు మాటల్లేకుండా చేసింది. రెండు టేకు తలుపు రెక్కల్ని పాడుచేసింది. ఏ పాపమూ ఎరగని ఓ కుర్రాడి ఉద్యోగాన్ని ఊడగొట్టబోయింది.

మా బావగారిది చెక్కపని. ముప్ఫై ఏళ్లుగా సింహద్వారాలు చెక్కుతున్నారు. గుమ్మానికి పైన గజలక్ష్మి, పక్కన లతలు, కింద ఏనుగులు... ఆ చుట్టుపక్కల ఊళ్లలో తలుపు చూసి 'ఇది ఫలానా ఆయన పని' అని గుర్తుపట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే నాలుగేళ్లుగా ఆయన కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. గంటసేపు ఉలి పట్టుకుంటే వేళ్లు మాట వినడం లేదు. అందుకని మా మేనల్లుడు, అక్కయ్య గొలుసు తాకట్టు పెట్టి మరీ, సీఎన్‌సీ రౌటరు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. కంప్యూటర్లో బొమ్మ పెడితే మిషను తిరిగే బిట్టుతో చెక్కను తొలుస్తూ పోతుంది. ముఖం, కళ్లు, వేళ్లు లాంటి సన్నపనిని బావగారు చేత్తో పూర్తిచేస్తారు. ఏర్పాటు బాగానే ఉంది. రెండేళ్లు బాగానే నడిచింది కూడా.

ఈసారి శ్రావణంలో గృహప్రవేశం ఉన్న ఓ ఇంటివాళ్లు సింహద్వారం పని చెప్పారు. మొదటి రెక్క చెక్కాక చూస్తే లక్ష్మీదేవి ఎడమచెయ్యి మోచేతి దగ్గర నాలుగు మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. నాలుగు మిల్లీమీటర్లే కదా అంటారా? అమ్మవారి చెయ్యి విరిగినట్టు కనిపిస్తే ఏ ఇంటివాళ్లు గుమ్మానికి పెట్టుకుంటారు? రెండో చెక్క వేశారు. ఈసారి ఏనుగు తొండం జరిగింది.

అక్కడి నుంచి మొదలైంది. "చేత్తో చేసేవాడికి చెక్క చెబుతుంది. మిషనుకేం చెబుతుంది?" అని బావగారు. "మీ కాలంలో చెక్కలు పాడవలేదా?" అని మావాడు. చివరికి ఇద్దరూ కలిసి ఒక్క విషయంలోనే ఏకాభిప్రాయానికి వచ్చారు. తప్పు కొత్తగా చేరిన కుర్రాడిది. ఆషాఢం వానల్లో చేరాడు. వాడు వచ్చిన దగ్గర్నుంచే ఈ గొడవ. చెక్క సరిగా బిగించడం లేదో, మధ్యలో మిషనును కదిపేస్తున్నాడో! నెలాఖరుకు లెక్కచూసి పంపించేద్దామనుకున్నారు. మిషను అమ్మినాయన ఫోనులో ఒకసారి "మీ ఊళ్లో కరెంటు బాగోదండీ" అన్నాడు, మరోసారి "మోటారు, డ్రైవు రెండూ మార్చేయండి" అన్నాడు.

నేను విశాఖపట్నంలో ఓ ఫ్యాక్టరీ ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. అక్కయ్య ఫోను చేసి "నువ్వొచ్చి ఆ మిషనును చూస్తావో, వీళ్లిద్దర్నీ చూస్తావో నాకు తెలీదు, రేపు బండెక్కు" అంది. మల్టీమీటరు సంచిలో వేసుకుని బయల్దేరాను.

ఇలాంటి పనుల్లో నాకో అలవాటుంది. మూతలు విప్పకముందు పాడైన వస్తువును దగ్గర పెట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఆ రెండు చెక్కల్ని బల్లమీద పెట్టించి స్కేలుతో కొలిచాను. రెండింటిలోనూ జరిగినచోటల్లా కుడివైపుకే జరిగింది. ఎడమకు ఒక్కచోటా లేదు. పై నుంచి కిందికి కొలిస్తే అంతా సరిగ్గా ఉంది. ఇంకో విచిత్రం, అంచున గీసిన పొడుగాటి నిలువు గీతలు, అడ్డగీతలు చక్కగా ఉన్నాయి. బిట్టు అటూ ఇటూ వేలసార్లు తిరగాల్సిన నగిషీ దగ్గరే తేడా.

చెక్క వదులుగా బిగిస్తే ఒకసారి అటు పోతుంది, ఒకసారి ఇటు పోతుంది. మనిషి అజాగ్రత్తకు కుడీ ఎడమా తేడా ఉండదు. ఎప్పుడూ ఒకే దిక్కుకు పోతోందంటే అది మనిషి పని కాదు. ఆ మాట బావగారితో అంటే "అయితే?" అన్నారు. "అయితే ఆ కుర్రాణ్ని రేపటిదాకా ఏమీ అనకండి" అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు.

ఇక్కడ మిషను సంగతి కొంచెం చెప్పాలి. ఇందులో ఉండేవి స్టెప్పర్ మోటార్లు. మామూలు మోటారులా గిర్రున తిరగవు, ఒక్కో అడుగే వేస్తాయి. చుట్టుకు 200 అడుగులు. వాటిని నడిపించే డ్రైవు అనే పెట్టె ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేస్తుంది కాబట్టి చుట్టుకు 1600. మావాడి మిషనులో మోటారు ఒక చుట్టు తిరిగితే మరకడ్డీ బిట్టును ఐదు మిల్లీమీటర్లు జరుపుతుంది. అంటే మిల్లీమీటరుకు 320 అడుగులు. ప్రతి అడుగుకూ కంప్యూటరు ఒక తీగమీద 'వెయ్' అని ఒక్క చిటికె వేస్తుంది. ఇంకో తీగమీద 'కుడికి' అనో 'ఎడమకు' అనో చెబుతుంది. మోటారు నిజంగా ఎక్కడిదాకా వెళ్లిందో తిరిగి కంప్యూటరుకు చెప్పే ఏర్పాటు ఇలాంటి మిషన్లలో ఉండదు. చెప్పాను కదా, వెళ్లే ఉంటుంది అనుకుంటుంది కంప్యూటరు. మన ఇళ్లలో లాగే.

'ఎడమకు తిరుగు' అన్న మాట డ్రైవుకు కాస్త ఆలస్యంగా వినబడిందనుకోండి. ఆలోపు పడిన అడుగులు కుడికే పడతాయి. పైగా అలాంటి ప్రతి అడుగూ రెండు తప్పులు. ఎడమకు వెళ్లాల్సింది వెళ్లలేదు, కుడికి వెళ్లకూడనిది వెళ్లింది. ఆ లెక్కన నాలుగు మిల్లీమీటర్ల తేడాకు 640 తప్పటడుగులు చాలు. లక్షల అడుగులు వేసే పనిలో అదెంత?

ముందు మిషనుతోనే చెప్పించాలని చెక్క తీసేసి తెల్లకాగితం అంటించాను. బిట్టు స్థానంలో స్ప్రింగు పెట్టి ఓ బాల్‌పెన్ను బిగించాం. కుడికి పది మిల్లీమీటర్లు, ఎడమకు పది మిల్లీమీటర్లు, ఇలా రెండువేలసార్లు అటూ ఇటూ తిరిగి మొదటి చుక్కలో పెన్ను పెట్టమని ప్రోగ్రాం రాశాడు మావాడు. మొదటిసారి దాదాపు సరిగ్గానే వచ్చింది. గంట గడిచి పెట్టె వేడెక్కాక మళ్లీ పెడితే చుక్కకు కుడివైపున కంటికి ఆనేంత ఎడంగా ఇంకో చుక్క పెట్టింది. కాఫీలు తెచ్చిన అక్కయ్య అది చూసి "దీనికన్నా నేనే నయం. ఎంత పెద్ద ముగ్గయినా మొదలెట్టిన చుక్క దగ్గరికే వస్తా" అంది. మూడు వారాల తర్వాత ఆ గదిలో తండ్రీకొడుకులిద్దరూ ఒకేసారి నవ్వడం అప్పుడే అని తర్వాత చెప్పింది.

కుర్రాడు కాగితం అంటించేటప్పుడు తప్ప మిషనును తాకలేదు. దూరంగా గోడకానుకుని నిలబడ్డాడు. అదీ అందరూ చూశారు.

మోటారు ఇరుసును బిగించే మరలు చూశాను, గట్టిగానే ఉన్నాయి. చేత్తో ఊపితే బిట్టు కదలడం లేదు. ఇక మిగిలింది కంప్యూటరుకూ డ్రైవుకూ మధ్య జరిగే సంభాషణ. అది వినాలంటే చెవి పనికిరాదు, మీటరే కావాలి. ఇలాంటి పెట్టెలు తెరిచేటప్పుడు ఒక జాగ్రత్త. లోపల ఇంటి కరెంటు 230 వోల్టులు కూడా ఉంటుంది. స్విచ్చి కట్టినా కొన్ని కెపాసిటర్లలో కాసేపు నిలవ ఉంటుంది. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

మీటరుతో చిటికెలు వేసే తీగను కొలిచి లాభం లేదు. సెకనుకు వేలసార్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే మీటరు వాటి సగటు చూపించి ఊరుకుంటుంది. ఆ అంకె చూసి వోల్టేజీ పడిపోయిందని కంగారుపడి మంచి బోర్డులు మార్చేసినవాళ్లను చాలామందిని చూశాను. దిక్కు చెప్పే తీగ అలా కాదు. ఎడమకు పోతున్నంతసేపూ ఒకే వోల్టేజీ మీద నిలబడుతుంది. దాన్ని పట్టుకోవాలి.

డ్రైవు లోపల, సిగ్నలు వచ్చే గుమ్మం దగ్గర, ఓ చిన్న నల్లటి చిప్పు ఉంటుంది. అందులో ఒకవైపు బుల్లి ఎల్‌ఈడీ దీపం, ఎదురుగా దాన్ని చూసే కన్ను. రెంటికీ మధ్య తీగ ఉండదు, వెలుతురే కబురు. మోటార్ల వైపు ఏదైనా షార్టయితే ఆ దెబ్బ కంప్యూటరుదాకా రాకుండా ఈ ఏర్పాటు. దీపం వెలిగితే కుడి, ఆరితే ఎడమ. మావాడి మిషనులో ఆ దీపం ఒక కొస 5 వోల్టులకు, రెండో కొస కంప్యూటరు పిన్నుకు కలిపి ఉంది. కంప్యూటరు పిన్నును సున్నాకు దించితే తేడా పుట్టి దీపం వెలుగుతుంది. పిన్నును 5కు ఎత్తితే రెండువైపులా ఒకటే కాబట్టి ఆరిపోతుంది.

మీటరు తీగలు దీపం రెండు కొసలకూ పెట్టాను. కుడికి పొమ్మంటే 4.6 వోల్టులు. బాగుంది. ఎడమకు పొమ్మన్నాను. సున్నాకు దగ్గరగా ఏదో రావాలి. 1.7 దగ్గర ఆగిపోయింది.

దీపం ఆరలేదు. సన్నగా వెలుగుతూనే ఉంది. కుళాయి పూర్తిగా కట్టకపోతే ధార ఆగినా బొట్లు పడుతుంటాయే, అలా. ఎదురుగా ఉన్న కన్నుకు అది ఆరినట్టా, వెలిగినట్టా? తేల్చుకోవడానికి కాస్త టైము తీసుకుంటోంది. ఆ తటపటాయింపులోనే తప్పటడుగులు పడుతున్నాయి. పెట్టె వేడెక్కితే ఎల్‌ఈడీ ఇంకా తక్కువ వోల్టేజీకే వెలుగుతుంది. గంట తర్వాత తేడా పెరగడానికి అదే కారణం.

"కంప్యూటరు ఎప్పుడు మార్చావురా?" అన్నాను.

మావాడు ఒక్క క్షణం ఆగి, "ఆషాఢంలో పిడుగుపడి పాతది పోయింది మావయ్యా. వారం రోజుల్లో ఇంకోటి కొన్నా" అన్నాడు. కుర్రాడు చేరిందీ ఆ వారమే. ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. ఒకరినే అనుమానించారు. కంప్యూటరు తళతళలాడుతోంది, తెర స్పష్టంగా ఉంది, ప్రోగ్రాం చకచకా నడుస్తోంది మరి. దాన్నెవరు అనుమానిస్తారు?

మిషనుకు కలిపింది కంప్యూటరు వెనక ఉండే ప్రింటరు పోర్టు, అదే 25 పిన్నుల పారలల్ పోర్టు. 1981లో ఐబీఎం పీసీతోనే వచ్చింది. ప్రింటరు కోసం పెట్టినదాన్ని ఉత్సాహవంతులు మోటార్లకు వాడుకున్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీలో పుట్టిన ఈఎంసీ అనే ప్రోగ్రాం 2011లో లినక్స్‌సీఎన్‌సీ అని పేరు మార్చుకుంది. మావాడు వాడేది అదే. పాత కంప్యూటర్లు ఈ పోర్టు పిన్నుల్ని 5 వోల్టుల దగ్గరిదాకా ఎత్తేవి. తర్వాత్తర్వాత వేడి తగ్గించడానికీ కరెంటు ఆదాకూ చిప్పులు 3.3 వోల్టులకు దిగాయి. పోర్టు ఆకారం అదే, పిన్నులు అవే, పైకి చూస్తే తేడా లేదు. ఎత్తు మాత్రం తగ్గింది.

మరి 3.3 ఇవ్వడం తప్పా? కాదు. ప్రింటరుకున్న నియమం ప్రకారం 0.8 లోపు ఉంటే 'లేదు', 2 వోల్టులు దాటితే 'ఉంది'. ఆ లెక్కన 3.3 దివ్యంగా సరిపోతుంది. డ్రైవుదీ తప్పు కాదు, 5 వోల్టులకు తయారైంది, అలాగే నడుస్తోంది. చిక్కంతా కొలిచే చోటులో ఉంది. బావిలో నీళ్లను అడుగు నుంచి కొలిచేవాడికి చాలానే ఉన్నట్టు కనబడుతుంది. గట్టుమీద నుంచి తాడు వదిలేవాడికి కావలసింది అడుగున ఎంత ఉందో కాదు, గట్టుకు ఎంత కిందుందో. ప్రింటరు అడుగు నుంచి చూస్తుంది. మావాడి డ్రైవు 5 వోల్టుల గట్టు నుంచి చూస్తోంది. ఆ ఇద్దరి మధ్య మిగిలిపోయిందే ఈ 1.7.

"అదే కంప్యూటరుతో పై నుంచి కిందికి తిరిగే మోటారు బాగానే తిరుగుతోందిగా? అక్కడ కూడా కొలువు" అన్నారు బావగారు. మంచి ప్రశ్న. మా సెక్షన్లో కొత్తగా చేరిన ఇంజినీర్లు కూడా అడగని ప్రశ్న. కొలిస్తే అక్కడా 1.7 వచ్చింది. మావాడి ముఖం వాడిపోయింది. కానీ కుడిఎడమల డ్రైవు నిరుడు కాలిపోతే వేరే కంపెనీది తెచ్చి వేశాడు. దాని కన్ను కాస్త చురుకైనది. బెడ్‌లైటు వేసి ఉన్నా ఒక పిల్లాడు హాయిగా నిద్రపోతాడు, రెండోవాడు అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాడు. అంతే.

మాటలతో నమ్మించడం నాకిష్టం ఉండదు. సందు చివర డీటీపీ షాపాయన దగ్గర శుభలేఖలు వేసుకునే పాత కంప్యూటరు ఒకటుంది. పూట కోసం అడిగి తెచ్చాం. మావాడు తన ప్రోగ్రాం ఉన్న హార్డ్‌డిస్కును దానికి తగిలించాడు. పిన్ను 4.8 వోల్టుల దాకా లేచింది. దీపం కొసల మధ్య మిగిలింది 0.2. పెట్టె బాగా వేడెక్కేదాకా ఆగి రెండువేలసార్లు అటూ ఇటూ తిప్పితే పెన్ను వచ్చి మొదటి చుక్కమీదే వాలింది. మోటారు మార్చలేదు, డ్రైవు మార్చలేదు, మిషను ముందు నిలబడ్డది ఆ కుర్రాడే.

డీటీపీ ఆయనకు ముహూర్తాల సీజను, కంప్యూటరు సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి 3.3ను 5కు ఎత్తే మధ్యవర్తి కావాలి. దీపాల తీగలు తిరగేసి బిగిద్దామా అన్నాడు మావాడు. పిన్ను ఎత్తినప్పుడు దీపం వెలిగేలా అన్నమాట. అలా చేస్తే ఆరడం బాగానే ఆరుతుంది, వెలగడం కష్టమవుతుంది. పోర్టుకు కరెంటును లాక్కునే శక్తి ఉన్నంత బయటికి ఇచ్చే శక్తి ఉండదు. రోగం ఒక కాలి నుంచి రెండో కాలికి మారుతుంది. వద్దన్నాను.

బఫరు చిప్పు ఉన్న బోర్డు కోసం ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లాం. కొట్టతను చూపించిన బోర్డు మీద 74హెచ్‌సీ అని మొదలయ్యే చిప్పు ఉంది. "హెచ్‌సీటీ కావాలి" అన్నాను. "రెండూ ఒకటే సార్, టీ ఒక్కటే తేడా" అన్నాడు. ఆ టీ కోసమే కదా వచ్చింది! 5 వోల్టుల సప్లై మీద హెచ్‌సీ చిప్పు 3.5 దాటితేనే 'ఉంది' అని ఖాయంగా ఒప్పుకుంటుంది. హెచ్‌సీటీకి 2 వోల్టులు చాలు. మన కంప్యూటరు ఇచ్చేది 3.3. హెచ్‌సీ పెడితే ఒకరోజు నడిచి ఒకరోజు నడవక, మళ్లీ ఎవరో ఒకరి ఉద్యోగానికి ఎసరు పెట్టేది. లోపలి గదంతా వెతికించి టీ ఉన్న బోర్డు ఇచ్చాడు. తలుపుకు పెట్టే ఇత్తడి గడియ ఖరీదు కూడా కాలేదు.

బిగించి కొలిస్తే దీపం వెలిగినప్పుడు 4.5, ఆరినప్పుడు మీటరులో సున్నా తర్వాత చుక్కవైపు అంకె కూడా సరిగా కదల్లేదు. రాత్రి పదకొండింటికి కాగితం పరీక్ష మళ్లీ పెట్టాం, పెట్టె వేడెక్కాక ఇంకోసారి పెట్టాం. అక్కయ్య భూతద్దం తెచ్చి చూసి "ఒక్క చుక్కే" అని తీర్పు చెప్పింది.

మర్నాడు కొత్త చెక్క ఎక్కించారు. ముహూర్తానికి ఆరు రోజులుంది. చెక్కను కుర్రాడే బిగించాడు. బావగారు వెళ్లి ఓసారి చేత్తో తట్టిచూశారు, ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన భాషలో పెద్ద మెచ్చుకోలే. సాయంత్రానికి లక్ష్మీదేవి రెండు చేతులూ సమంగా లేచాయి. ముఖం మాత్రం మిషను నున్నగా, కొబ్బరిబొండంలా వదిలేసింది. బావగారు సన్న ఉలి తీసుకుని, తిమ్మిరెక్కినప్పుడల్లా ఆగి ఆగి, రెండు రోజుల్లో కళ్లు తెరిపించారు. ఆ రెండు రోజులూ కుర్రాడు పక్కన దీపం పట్టుకుని కూర్చున్నాడు.

నేను బయల్దేరే ముందు డ్రైవుల పెట్టె తెరిచి చూశాను. తలుపు లోపలివైపు ఎవరో పెన్సిలుతో రాసి ఉంచారు. వెలిగితే 4.5, ఆరితే 0, తేదీ, కింద నెలకోసారి చూడాలి అని. అక్షరాలు కుర్రాడివట. మీటరు ఎలా పట్టుకోవాలో వాడికి నేర్పింది బావగారేనని రైల్లో ఉండగా అక్కయ్య ఫోను చేసి చెప్పింది.